విజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు మహానగరంలో ఆబిడ్స్ కూడలి నుండి నాంపల్లి రైల్వే స్టేషను దాకా సాగే దారులు ఎల్లవేళలా రద్దీగా ఉంటాయి. ఒకవైపు జనరల్ పోస్టాఫీసు, బట్టల దుకాణాలు, ఆదివారం నాడు కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాలు. మరొకవైపు రైలు దిగి మూటాముల్లెతో నడిచివచ్చే పల్లెజనం. వారిలో వైద్యం కోసం జిల్లాల నుండి వచ్చేవారు ఎందరో ఉంటారు. మందుల చీటీ చేతబట్టుకొని ఆసుపత్రికీ, పరీక్షా కేంద్రానికీ నడుమ తిరిగే ఆ కుటుంబాలలో కన్నబిడ్డల పేర్లే మరచిపోతున్న తల్లిని, గ్లాసు పట్టుకోలేనంతగా చేయి వణుకుతున్న తండ్రిని వెంటబెట్టుకొని వచ్చినవారూ ఉంటారు. నరాల వైద్యులు అటువంటి రోగులకు తలకు ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయిస్తారు. కొన్ని సందర్భాలలో అదే యంత్రంతో మరొక పరీక్ష కూడా జరుపుతారు. దాని పేరు మాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ. మొదటిది మెదడు రూపాన్ని బొమ్మగా చూపిస్తే, రెండవది మెదడులోని రసాయనాల పాళ్లను ఎగుడుదిగుడు గీతగా, శిఖరాల వరుసగా చూపిస్తుంది. ఆ శిఖరాలలో ఒకటి క్రియాటిన్‌ది. భాస్వరాన్ని పరిశీలించే పద్ధతిలోనైతే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల శిఖరాలు కనిపిస్తాయి. ఈ రెండు పదార్థాలను లోకానికి తొలుత చూపినవారిలో ఒకరు గోదావరి సీమకు చెందిన తెలుగువాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ప్రగడ అనే మాటకు మంత్రి అని అర్థం. మహాభారత శేషాన్ని పూరించిన ఎఱ్ఱాప్రగడ పేరు చివరనున్నదీ ఈ మాటే. ఇంటిపేరులో మంత్రిత్వం ఉన్నా సుబ్బారావు ఇంట్లో కలిమి లేదు. తండ్రి ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో పెద్ద సంసారాన్ని ఈడ్చే భారం తల్లి మీద పడింది. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద కంటే సంపాదన మీద ధ్యాస ఎక్కువగా ఉండేదట. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచిపోతే తల్లి దారిలోనే పట్టించి వెనుకకు రప్పించిందని చెబుతారు. రాజమండ్రిలోనూ చదువు సరిగా సాగలేదు. తల్లి ఒంటిమీది బంగారం అమ్మి కుమారుణ్ణి మద్రాసు పంపింది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో గాని ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. ఆ తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. గణితంలో దిట్ట అయినా మనసు వైరాగ్యం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు. అందుకు తల్లి అనుమతి కావాలన్నారు. వెంకమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. సన్యాసం తప్పితే సేవకు దారి వైద్యమే అన్న భావంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఆ చదువుకు మిత్రులు, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ధనసహాయం చేశారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది. యౌవనంలోనే ఆయన ఇద్దరు సోదరులను కొద్దిరోజుల వ్యవధిలో పోగొట్టుకున్నారు. అందులో అన్న పురుషోత్తాన్ని బలిగొన్న వ్యాధి స్ప్రూ. తిన్న అన్నం ఒంటబట్టక, నెత్తురు పలుచబడి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. అప్పటి వైద్యులకు దాని మందు తెలియదు. ఆ మాట సుబ్బారావు మనసులో నాటుకొని ఉంటుంది. ఎందుకంటే పాతికేళ్ల తరువాత ఆ మందును తయారుచేసిన బృందానికి ఆయనే నాయకుడు.

వైద్య కళాశాలలో ఆయనకు మరొక ఆటంకం ఎదురైంది. గాంధీజీ పిలుపును అందుకొని విదేశీ వస్త్రాలను విడనాడి, శస్త్రచికిత్స వేళ తొడుక్కొనే దుస్తులు కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు అది కంటగింపు అయింది. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. డాక్టర్ లక్ష్మీపతి మద్రాసులో నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. ఆయుర్వేద ఔషధాల గుణాన్ని ఆధునిక పద్ధతులతో తరచి చూడాలన్న కోరిక అక్కడే మొలకెత్తింది. అమెరికా వెళ్లి చదవాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగిలినది మామగారు సమకూర్చారు. 1920వ దశకం తొలి ఏళ్లలో ఆయన బోస్టన్ నగరం చేరారు. నిండు చూలాలైన భార్యను విడిచి వెళ్లారనీ, పుట్టిన మగశిశువు నెలల ప్రాయంలోనే కన్నుమూశాడనీ జీవిత చరిత్రకారులు రాశారు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువు పూర్తిచేయడానికి చేతిలో డబ్బు లేక, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే కూలిపని చేశారు. పగలు చదువు, రాత్రి పని. ఆ తరువాత జీవరసాయన శాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు చేరారు. ఆయన జీవితంలో విద్యార్థులు నిలిచి చూడవలసిన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది.

రక్తంలో గాని, మూత్రంలో గాని భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం ఆనాడు శ్రమతో కూడిన పని. ఫిస్కే, సుబ్బారావు కలిసి దానికి ఒక సులువైన మార్గం కనిపెట్టి 1925లో ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలుపుతారు. అందులోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో జతకడుతుంది. ఆ మీదట మరొక రసాయనం చేరిస్తే ద్రవం నీలిరంగు పొందుతుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కగా, తక్కువైతే పలుచగా ఉంటుంది. రంగును పోల్చి చూసి భాస్వరం లెక్క చెప్పవచ్చు. చూడటానికి చిన్న ఉపాయం. కాని జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు దశాబ్దాల తరబడి ప్రయోగశాలలో చేసిన పరీక్ష ఇది. దీని పేరులో నేటికీ ఇద్దరి పేర్లూ నిలిచి ఉన్నాయి.

ఈ ఉపాయాన్ని కండరానికి వర్తింపజేసినప్పుడు ఒక వింత ఎదురైంది. పిల్లి కండరం నుండి తీసిన ద్రవంలో నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. మెల్లమెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతూ వచ్చింది. తొందరపాటు గలవారైతే రసాయనాలు చెడిపోయాయని ఆ ద్రవాన్ని పారబోసి ఉండేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఆ ద్రవంలో భాస్వరం విడిగా లేదు. మరొక పదార్థంతో ముడిపడి ఉన్నది. ఆమ్లం తగిలేకొద్దీ ఆ ముడి కొంచెం కొంచెంగా వీడి, భాస్వరం బయటపడి రంగునిస్తున్నది. ముడిపడిన ఆ రెండవ పదార్థం క్రియాటిన్. ఈ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెల్లడయింది. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అటువంటి పదార్థం ఉన్నదని స్వతంత్రంగా ప్రకటించారు. కండరానికి పని చెబితే ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుందనీ, విశ్రాంతినిస్తే మరల నిండుకుంటుందనీ హార్వర్డు ప్రయోగాలు నిరూపించాయి.

ఈ మాట ఎంత బరువైనదో తెలియాలంటే అప్పటి సిద్ధాంతం తెలియాలి. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితుల నమ్మకం. కండరంలో వేడి, లాక్టిక్ ఆమ్లం గురించి పరిశోధించిన హిల్, మెయెర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది కూడా. సుబ్బారావు, ఫిస్కేల నీలిరంగు ఆ నమ్మకాన్ని కదిలించింది. 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసినా కండరం కొంతసేపు ముడుచుకోగలదనీ, ఆ వేళ ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినేననీ చూపడంతో అది కూలిపోయింది. ఇంతలో 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి మరొక భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, సంక్షిప్తంగా ఏ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడు దానిని కనుగొన్నాడు. మన వాడుకలో ఒంట్లో సత్తువ అంటామే, ఆ సత్తువకు జీవకణంలో చలామణీ అయ్యే నాణెం ఏ.టి.పి. ఫాస్ఫోక్రియాటిన్ ఆ నాణేలు తరిగినప్పుడు వెంటనే తీసి ఇచ్చే చిల్లర సంచి వంటిది. కండరానికే కాదు, మెదడుకూ ఇదే ఏర్పాటు. శరీరం బరువులో మెదడు సుమారు రెండు శాతమే అయినా శరీరం ఖర్చు చేసే శక్తిలో ఇంచుమించు ఐదవ వంతు దానికే కావాలి.

1930లో హార్వర్డు ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఇవ్వలేదు. పని తనదైనా పేరు కోసం ముందుకు రాని స్వభావం ఆయనది. వెనుక నిలబడటం వినయమే కావచ్చు, కాని లోకం వెనుక నిలబడినవారిని వెదుక్కుంటూ రాదు. 1940లో ఆయన హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో జరిగిన పని ఒక జీవితానికి సరిపోయేది కాదు. 1945లో లెడర్లే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నను చంపిన స్ప్రూ వ్యాధికి అది మందు అయింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్నే కొద్దిగా మార్చి, దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా తయారుచేశారు. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. అది తాత్కాలికమైన ఊరటే. అయినా అంతవరకు ఆ పిల్లల తల్లిదండ్రులకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ నేటికీ వాడుతున్నారు. తెలుగు జిల్లాలలో ఏనుగుకాలు జబ్బును అరికట్టడానికి ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే. డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశక ఔషధానికీ ఆయన నడిపిన పరిశోధనాలయమే పుట్టినిల్లు.

1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రపోయిన సుబ్బారావు మరల లేవలేదు. గుండె ఆగిపోయింది. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం తీసుకోవడానికి అప్పటికి చట్టం వీలు కల్పించినా ఆయన తీసుకోలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. భారతదేశం స్వతంత్రమై ఏడాది కూడా నిండలేదు. ఇక్కడ శేషగిరమ్మ పాతికేళ్లకు పైగా భర్త రాక కోసం ఎదురుచూసింది. ఆయన కీర్తిని లెక్కగట్టేవారు ఆమె నిరీక్షణను కూడా లెక్కలో వేయడం న్యాయం. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆబిడ్స్ పోస్టాఫీసు మీదుగా నిత్యం పోయే వేలమందిలో ఆ బిళ్లను చూసినవారు అరుదు.

సుబ్బారావు హార్వర్డును విడిచిన ఐదేళ్లకు, 1945 డిసెంబరులో, అదే విశ్వవిద్యాలయంలో పర్సెల్ అనే భౌతిక శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి మైనంలోని హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందిస్తాయని కనుగొన్నాడు. పశ్చిమ తీరాన స్టాన్‌ఫర్డులో బ్లాక్ బృందం నీటితో ఇదే సంగతిని నిరూపించింది. పర్సెల్, బ్లాక్‌లకు 1952లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ స్పందనలో ఒక సూక్ష్మం ఉన్నది. ఒకే స్వరాన్ని వేర్వేరు గొంతులు పలికినప్పుడు చెవికి అందే స్వల్పమైన తేడాతో ఎవరిది ఏ గొంతో పోల్చుకుంటాము. అలాగే ఒకే మూలకానికి చెందిన కేంద్రకం ఏ అణువులో ఉన్నదనే దానిని బట్టి దాని స్పందన కొద్దిగా జరుగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్‌లోని భాస్వరానిది ఒక చోటు. ఏ.టి.పి.లోని మూడు భాస్వరాలవి మరి మూడు చోట్లు. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రవేత్తలు అప్పుడే తీసిన ఎలుక కాలి కండరాన్ని చెక్కుచెదరకుండా ఆ యంత్రంలో ఉంచి ఈ శిఖరాలను చూశారు. పిల్లి కండరాన్ని ద్రవంగా మార్చి, ఆమ్లం కలిపి, నీలిరంగు కోసం వేచి చూసిన పని ఇప్పుడు కండరాన్ని నలపకుండానే సాధ్యమైంది. అటుపిమ్మట మనిషి మెదడు వంతు వచ్చింది.

భాస్వరం ఇచ్చే సంకేతం చాలా బలహీనం. దానికి ప్రత్యేక పరికరాలు కావాలి. అందువల్ల ఆసుపత్రులలో సాధారణంగా హైడ్రోజన్ ఆధారంగానే ఈ పరీక్ష జరుపుతారు. ఆ గీతలో ముఖ్యమైన శిఖరం ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్ అనే పదార్థానిది. ఇది ప్రధానంగా నాడీకణాలలో ఉంటుంది. అల్జీమర్స్ వ్యాధిలో నాడీకణాలు దెబ్బతినే కొద్దీ ఈ శిఖరం కుంగుతుంది. మయో-ఇనోసిటాల్ అనే మరొక శిఖరం లేస్తుంది. కండరాలను నడిపే నాడులు క్షీణించే ఏ.ఎల్.ఎస్. వ్యాధిలో కదలికలను శాసించే మెదడు పొరలో ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్ తగ్గుతుంది. అయితే తగ్గింది, పెరిగింది అనడానికి పోల్చడానికొక కొలబద్ద ఉండాలి కదా! చాలా పరిశోధనలలో ఆ పడికట్టు రాయి క్రియాటిన్ శిఖరమే. ఆ శిఖరంలో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రెండూ కలిసి ఉంటాయి. వ్యాధి ముదిరినప్పుడు ఆ రాయి బరువు కూడా మారే అవకాశం ఉన్నదని నేటి పరిశోధకులు హెచ్చరిస్తారు. భాస్వర పద్ధతి కష్టమైనదైనా లోతైన సంగతులు చెబుతుంది. 2009లో జర్మనీ పరిశోధకులు పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తుల మెదడులో కదలికలకు సంబంధించిన లోపలి భాగాలలో ఏ.టి.పి., ఫాస్ఫోక్రియాటిన్ తక్కువగా ఉన్నాయని చూపారు. అంటే చేయి వణికే ఆ రోగి మెదడులో శక్తి చిల్లర తరుగుతున్నదన్నమాట.

చిల్లర తరిగితే బయట నుండి వేస్తే సరిపోదా అన్న ఆలోచన సహజం. అమెరికా, కెనడాలలో 1,741 మంది పార్కిన్సన్స్ రోగులను ఎంచుకొని, సగం మందికి రోజుకు 10 గ్రాముల క్రియాటిన్, తక్కిన సగానికి మందులేని పొడి ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. 2007లో మొదలైన ఆ ప్రయోగాన్ని 2013లో ఆపివేశారు. క్రియాటిన్ తీసుకున్నవారికి ప్రత్యేకమైన మేలేదీ కనిపించలేదు. లోటును కొలవగలగడం వేరు, పూడ్చగలగడం వేరు. స్పెక్ట్రోస్కోపీ మందు కాదు. ఒక్క గీతను చూసి ఇది ఈ వ్యాధేనని తేల్చే స్థాయికి కూడా అది రాలేదు. వైద్యుడు రోగిని పరీక్షించి, ఇంటివారిని విచారించి, బొమ్మతో పోల్చి చూసుకొనే అనేక ఆధారాలలో అది ఒకటి. కొత్త మందులు మెదడులో ఏమి చేస్తున్నాయో గమనించడానికి పరిశోధకులకు అది ఎక్కువగా ఉపయోగపడుతున్నది.

మతిమరుపుతో వచ్చిన వృద్ధురాలికి అనుభవజ్ఞుడైన వైద్యుడు ఖరీదైన పరీక్షల కంటె ముందు సామాన్యమైన రక్తపరీక్షలు రాస్తాడు. థైరాయిడ్, బి12 విటమిన్, పలుసందర్భాలలో ఫోలిక్ ఆమ్లం ఎంత ఉన్నాయో చూస్తాడు. ఈ లోపాల వల్ల కలిగే మతిమరుపును సకాలంలో గుర్తిస్తే చాలావరకు బాగుచేయవచ్చు. అయితే బి12 లోపాన్ని చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపించినా నాడులకు జరిగే హాని ఆగదు. ఫోలిక్ ఆమ్లం వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే, సుబ్బారావు జీవించి ఉండగానే, వైద్యులు ఈ సంగతి గుర్తించారు. అందుచేత రెండింటినీ కొలిచిన తరువాతనే మందు రాస్తారు. ఆ చీటీ పట్టుకొని నాంపల్లిలో ఏ మందుల దుకాణానికి వెళ్లినా ఫోలిక్ ఆమ్లం మాత్ర కొద్దిపాటి డబ్బుకే దొరుకుతుంది.